యానాం: చుట్టూ ఆంధ్రా.. మధ్యలో పుదుచ్చేరి! ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి 70 ఏళ్లు దాటినా ఆ గీత ఎందుకు చెరగలేదు?

తణుకులో బయల్దేరి సిద్ధాంతం వంతెన దాటితే రావులపాలెం. అక్కడి నుంచి కొత్తపేట, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా వెళ్తే ఎదుర్లంక వస్తుంది. అక్కడ గౌతమి గోదావరి మీద బాలయోగి వారధి ఎక్కి అవతలి ఒడ్డున దిగితే చాలు.. ఆంధ్రప్రదేశ్ దాటేసినట్టే! భాష మారదు, యాస మారదు, కొబ్బరి చెట్లు మారవు. కానీ బండ్ల మీద నంబర్ ప్లేట్లు పీవై-04 అని కనిపిస్తాయి. పెట్రోల్ బంకులో రేటు వేరు. ప్రభుత్వ ఆఫీసు బోర్డుల మీద 'పుదుచ్చేరి ప్రభుత్వం' అని ఉంటుంది. అదే యానాం.

గోదావరి జిల్లాల వాళ్లకి యానాం కొత్తేమీ కాదు. పులస కోసమో, ఏటిగట్టు మీద షికారుకో వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. అయితే ఈ ఊరు ఆంధ్రాలో ఎందుకు కలవలేదు? దానివల్ల అక్కడి జనానికి లాభమా, నష్టమా? ఫ్రెంచివాళ్లు నిజంగా వదిలి వెళ్లింది ఏంటి? వివరంగా చూద్దాం.

యానాం ఎంత ఉంటుంది?

యానాం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. అంటే కొల్లేరులో పదో వంతు అన్నమాట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉన్నది 55,626 మంది. ఇంత చిన్న ప్రాంతమే అయినా లెక్కకు ఇది ఒక జిల్లా.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో నాలుగు ముక్కలున్నాయి. తమిళనాడు పక్కన పుదుచ్చేరి, కారైకాల్. కేరళ పక్కన మాహే. మన గోదావరి ఒడ్డున యానాం. రాజధాని పుదుచ్చేరికీ యానాంకీ మధ్య దూరం దాదాపు 870 కిలోమీటర్లు. కాకినాడ మాత్రం 30 కిలోమీటర్ల లోపే. ఏపీలో 2022లో జిల్లాల విభజన జరిగాక యానాంకి ఒకవైపు కాకినాడ జిల్లా, ఇంకోవైపు కోనసీమ జిల్లా వచ్చాయి.

గౌతమి గోదావరి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట ఉంది ఈ ఊరు. సముద్రం ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరమే. ఫ్రెంచివాళ్ల కన్ను ఈ ఊరి మీద పడింది కూడా అందుకే.

ఫ్రెంచివాళ్లు ఇక్కడికి ఎందుకొచ్చారు?

సింపుల్‌గా చెప్పాలంటే బట్ట కోసం. గోదావరి డెల్టాలో నేసే నూలు బట్టకి అప్పట్లో యూరప్‌లో మంచి గిరాకీ. ఆ బట్ట కొనడానికి డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు.. అందరూ ఈ తీరంలోనే పోటీ పడ్డారు. పక్కనే ఉన్న ఇంజరం, నీలపల్లిలో ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరాలుండేవి. ఫ్రెంచి కంపెనీ 1723లో యానాంలో దుకాణం తెరిచింది. లాభం లేదని కొన్నేళ్లకే మూసేసి, 1731లో మళ్లీ వచ్చింది. ఫ్రెంచి రికార్డుల్లో ఈ ఊరి పేరు 'యానాఁవ్'.

ఇక్కడ మన ఏలూరు వాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. 1753లో నిజాం సలాబత్ జంగ్, తనకు అండగా నిలిచిన ఫ్రెంచి సైన్యం ఖర్చుల కోసం ఉత్తర సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. అందులో ఏలూరు, రాజమహేంద్రవరం సర్కార్లు కూడా ఉన్నాయి. అంటే కొన్నేళ్ల పాటు ఈ ప్రాంతం శిస్తు వెళ్లింది ఫ్రెంచివాళ్ల ఖజానాకే!

ఆ ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర జరిగిన యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు గెలిచారు. 1759లో మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివాళ్ల చేజారింది. తరవాత యానాంని ఇంగ్లీషువాళ్లు పట్టుకోవడం, సంధి కుదరగానే తిరిగి ఇచ్చేయడం.. ఇలా చాలాసార్లు జరిగింది. చివరికి 1814 పారిస్ ఒప్పందంతో యానాం ఫ్రాన్స్‌కే ఖాయమైంది. కాకపోతే ఒక షరతు.. కోటలు కట్టకూడదు, సైన్యం పెట్టకూడదు, పోలీసులు మాత్రమే ఉండాలి. యానాంలో ఫ్రెంచి కోట ఎందుకు కనపడదు అని ఎవరైనా అడిగితే సమాధానం ఇదే.

తుపాను దెబ్బ.. ఓడలెక్కిన తెలుగువాళ్లు

యానాం పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. 1839 నవంబర్‌లో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవుని దాదాపు తుడిచిపెట్టేశాయి. యానాం వ్యాపారం కూడా ఆ తీరంతో ముడిపడిందే. పెద్ద రేవు పట్నంగా ఎదిగే అవకాశం అలా పోయింది.

అంతకు ముందే ఈ ఊరి నుంచి ఇంకో ప్రయాణం మొదలైంది. 1820ల చివర్లో హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌లో చెరకు తోటల పనికి యానాం నుంచి తెలుగు కూలీలను ఓడలెక్కించారు. ఆ దీవికి ఒప్పందం మీద వెళ్లిన తొలి భారతీయ కూలీల్లో వాళ్లున్నారు. మారిషస్‌లో తెలుగువాళ్లని ఒకప్పుడు 'కోరంగీలు' అని పిలిచేవారంటే ఈ తీరం నుంచి ఎంతమంది వెళ్లుంటారో ఊహించుకోవచ్చు.

'కల్యాణపురం' అనే పేరు ఎలా వచ్చింది?

యానాం చుట్టూ ఉన్నదంతా బ్రిటిష్ ఇండియా. మధ్యలో ఇదొక్కటే ఫ్రెంచి నేల. రెండు చట్టాల మధ్య ఒక్క వీధి తేడా. దాన్ని జనం తమకు కావాల్సినట్టు బాగానే వాడుకున్నారు.

బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ఫ్రెంచి నేల మీద చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్లు చిన్నపిల్లలను తీసుకొచ్చి యానాంలో పెళ్లిళ్లు చేసేవారు. అలా ఊరికి 'కల్యాణపురం' అనే పేరు పడింది. వినడానికి అందంగా ఉన్నా, ఆ పేరు వెనకున్నది ఆడపిల్లల బాల్యం. ఇది కూడా యానాం చరిత్రలో భాగమే.

యానాం మంగళవారం సంత కూడా అప్పట్లో చాలా ఫేమస్. విదేశీ సరుకు అక్కడ దొరుకుతుందని బ్రిటిష్ వైపు నుంచి జనం సంతకి వచ్చేవారు. సరిహద్దు దాటించే దొంగ సరుకు వ్యాపారం కూడా జోరుగా సాగేది.

ఇంకో కోణం కూడా ఉంది. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా తరఫున పారిస్ పార్లమెంటుకి ఒక ప్రతినిధి ఉండేవాడు. 1880లో యానాం మున్సిపాలిటీ అయింది, మేయర్ వచ్చాడు. పక్కనే మద్రాసు ప్రెసిడెన్సీలో చాలామందికి ఓటు దక్కని రోజుల్లో యానాంలో మామూలు మగవాళ్లు ఓటేశారు. ఆ ఎన్నికల్లో అక్రమాలు లేవని కాదు, పెత్తనం తెల్లవాళ్లదే అన్నది కూడా నిజమే. కానీ ఎన్నిక అనే మాట ఈ ఊరికి ముందే తెలుసు.

1954 జూన్ 13న ఏం జరిగింది?

1947లో దేశానికి స్వాతంత్య్రం వచ్చింది. యానాంకి రాలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో మచిలీపట్నంలోని ఫ్రెంచి పేట లాంటి చిన్న చిన్న స్థావరాలను మాత్రం ఫ్రాన్స్ వదులుకుంది. మిగతా ప్రాంతాల్లో జనం అభిప్రాయం అడిగి తేల్చాలని 1948లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఏళ్లు గడిచినా విషయం తేలలేదు.

1953 అక్టోబర్‌లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. చుట్టూ తెలుగు రాష్ట్రం, మధ్యలో ఫ్రెంచి జెండా. విలీన ఉద్యమం బాగా వేడెక్కింది. దీనికి నాయకత్వం వహించినవారు దడాల రఫేల్ రమణయ్య. పుట్టింది యానాంలోని ఫరంపేటలో. ఒకప్పుడు పుదుచ్చేరిలో ఫ్రెంచి పోలీసు అధికారిగా పనిచేసిన మనిషే, చివరికి ఆ పాలనకే ఎదురు తిరిగారు. కాకినాడ నుంచి కార్యకర్తలతో కదిలి 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి జెండా దించి మూడు రంగుల జెండా ఎగరేశారు.

పుదుచ్చేరి విముక్తి అయ్యింది ఆ ఏడాది నవంబర్ 1న. అంటే యానాం దానికంటే నాలుగున్నర నెలలు ముందే బయటపడింది. అక్టోబర్ 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటేస్తే, 170 మంది భారత్‌లో విలీనానికే జై కొట్టారు. చట్టపరంగా మాత్రం పని అంత త్వరగా అవ్వలేదు. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదం తెలిపి, పూర్తి బదిలీ జరిగేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. అందుకే యానాంలో ఆగస్టు 15 మర్నాడు కూడా జెండా ఎగురుతుంది.

మరి ఆంధ్రాలో ఎందుకు కలపలేదు?

అసలు మెలిక ఇక్కడే ఉంది. 1956 ఒప్పందంలో ఒక మాట రాసుకున్నారు. ఈ నాలుగు ప్రాంతాలకీ అప్పటివరకు ఉన్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగుతుంది. తరవాత అందులో ఏ మార్పు చేయాలన్నా ముందు అక్కడి జనం అభిప్రాయం తెలుసుకోవాలి. అంటే ఢిల్లీ ఒక్కటే కూర్చుని, యానాంని తీసుకెళ్లి ఏపీలో కలిపేద్దాం అంటే కుదరదు.

బెంగాల్‌లోని చందన్‌నగర్ కూడా ఫ్రెంచి ఊరే. అక్కడ 1949లోనే జనం ఓటేసి భారత్‌లో చేరారు. తరవాత ఆ ఊరిని పశ్చిమ బెంగాల్‌లో కలిపేశారు. ఇప్పుడు అది కోల్‌కతాకి దగ్గర్లో ఉన్న ఒక పట్టణం. యానాంకి మాత్రం వేరే దారి దొరికింది. 1963లో కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైంది. పుదుచ్చేరి అసెంబ్లీలో ఎన్నికయ్యే 30 సీట్లలో ఒకటి యానాంకి ఇచ్చారు. ఇక్కడ తెలుగుకి అధికార భాష హోదా కూడా ఉంది.

గీత వల్ల వచ్చిన లాభం ఏంటి?

పన్నులు వేరు కాబట్టి పెట్రోల్, డీజిల్, మద్యం ధరల్లో పక్క ఊళ్లతో తేడా ఉంటుంది. ఆ తేడా మీదే బతికే వ్యాపారాలు ఊళ్లో చాలా ఉన్నాయి. చదువుల్లో కూడా ఒక వెసులుబాటు ఉంది. మెడికల్, ఇంజనీరింగ్ లాంటి సీట్లలో యానాం పిల్లలకి పుదుచ్చేరి ప్రభుత్వం ప్రాంతీయ కోటా ఇస్తుంది. 55 వేల మంది ఉన్న ఊరికి ఒక ఎమ్మెల్యే ఉండటం కూడా చిన్న విషయం కాదు. ఏపీలో ఒక్కో నియోజకవర్గంలో ఓటర్లే లక్షల్లో ఉంటారు. ఇక్కడ ఎమ్మెల్యేకి ఊళ్లో ప్రతి పేట తెలుసు, ప్రతి పేటకీ ఎమ్మెల్యే తెలుసు.

ఇక్కడి రాజకీయం ఎలా ఉంటుందో చెప్పడానికి 2021 ఎన్నికలు చాలు. పుదుచ్చేరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్.రంగస్వామి యానాంలో కూడా పోటీ చేశారు. ఆయన్ని ఓడించింది ఒక స్వతంత్ర అభ్యర్థి, గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్.

మరి నష్టం?

మొదటిది దూరం. యానాంలో రైల్వే స్టేషన్ లేదు. రాజధానికి వెళ్లాలంటే ముందు కాకినాడ వెళ్లి రైలెక్కాలి. హైకోర్టు పని పడితే అమరావతి కాదు, చెన్నై వెళ్లాలి. ఎందుకంటే పుదుచ్చేరి మొత్తం మద్రాసు హైకోర్టు పరిధిలో ఉంది. ఊళ్లో పాలన చూసే ప్రాంతీయ పరిపాలనాధికారి ఉంటారు. కానీ పెద్ద ఫైలు కదలాలంటే పుదుచ్చేరిలోనే కదలాలి.

రెండోది.. నిర్ణయాలు దూరం నుంచి వస్తాయి. పుదుచ్చేరి ప్రభుత్వం కొన్నేళ్ల పాటు రేషన్ బియ్యం ఆపేసి, దానికి బదులు బ్యాంకు ఖాతాల్లో డబ్బు వేసింది. యానాంకి కూడా అదే పద్ధతి. అప్పట్లో పక్కనే ఏపీ ఊళ్లలో రేషన్ బియ్యం దొరికేది, ఇక్కడ మాత్రం దొరికేది కాదు. స్కూళ్లదీ అదే కథ. చాలా కాలం యానాం పిల్లలు ఏపీ సిలబస్ చదివారు. ఇటీవల పుదుచ్చేరి సర్కారు బడులను సీబీఎస్ఈకి మార్చింది.

మూడోది పని. యానాంలో పెద్ద సంఖ్యలో ఉద్యోగాలిచ్చిన ఫ్యాక్టరీ రీజెన్సీ సిరామిక్స్. 2012 జనవరిలో అక్కడ కార్మిక గొడవ చేయి దాటిపోయింది. ఒక కార్మిక నాయకుడు, కంపెనీ ఉన్నతాధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఫ్యాక్టరీ తగలబడింది, ఆ తరవాత ఏళ్ల తరబడి మూతపడింది. ఇంత చిన్న ఊళ్లో ఒక పెద్ద ఫ్యాక్టరీ ఆగిపోతే ఆ దెబ్బ కూలీ ఇంటి నుంచి కిరాణా కొట్టు దాకా తగులుతుంది. పన్నుల తేడా వ్యాపారాన్ని తెస్తుంది కానీ అన్నిసార్లూ ఉద్యోగాలు తేలేదని అప్పుడు తెలిసొచ్చింది.

ఫ్రెంచి గుర్తులు ఏం మిగిలాయి?

పుదుచ్చేరిలోలాగా పసుపు రంగు గోడల వీధులు ఉంటాయనుకుని యానాం వస్తే నిరాశే. ఇది ఎప్పుడూ చిన్న వర్తక స్థావరమే. పైగా తుపాన్లు, వరదలు, కొత్త కట్టడాలు కలిసి పాత ఇళ్లను చాలావరకు తినేశాయి. కచ్చితంగా చూడాల్సింది సెయింట్ ఆన్స్ చర్చి. ఫ్రెంచి మిషనరీలు కట్టించిన ఈ చర్చి 1846లో పూర్తయింది. పేటల పేర్లలో కూడా పాత వాసన తగులుతుంది. ఫ్రాన్సు తిప్ప అనే పేరు వింటే ఇక వేరే వివరణ అక్కర్లేదు.

ఊరికి తెలుగు గుర్తులు కూడా గట్టిగానే ఉన్నాయి. మీసాల వెంకన్న గుడి ఇక్కడిదే. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బాల్యం గడిచింది యానాంలోనే. కవి శిఖామణిది ఈ ఊరే. యానాం ఫ్రెంచి కాలం నాటి చరిత్రను తెలుగులో రాసిన బొల్లోజు బాబాదీ ఈ ఊరే. పాత ఇళ్లు పోయినా కథలు పోకుండా చూస్తున్నది ఇలాంటి రాతలే.

ఇప్పుడు టూరిస్టులు ఫొటోలు దిగేది మాత్రం కొత్త కట్టడాల దగ్గర. 100 మీటర్ల ఎత్తున్న టవర్‌ని జనం 'యానాం ఈఫిల్ టవర్' అంటారు. అది ఫ్రెంచివాళ్లు కట్టింది కాదు, ఈ మధ్య కాలంలో మనవాళ్లు కట్టుకున్నదే! ఏటిగట్టు మీద భారతమాత విగ్రహం, శివలింగం మీద ఏనుగులు నీళ్లు పోసే శివం బాత్, కొద్ది దూరంలో ఏసుక్రీస్తు విగ్రహం.. సాయంత్రమైతే కుటుంబాలతో కిటకిటలాడతాయి. జనవరిలో జరిగే ప్రజా ఉత్సవాలకి, పూల ప్రదర్శనకి చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా జనం వస్తారు.

గోదారికి గీతలు తెలియవు

గోదారిలో ఎర్రనీరు రాగానే యానాం మార్కెట్‌కి పండగ. సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే పులస వలలో పడితే అక్కడే వేలం. ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. కొనేవాళ్లలో ఆంధ్రావాళ్లే ఎక్కువ. చేప ఏ రాష్ట్రం నీళ్లలో పడిందని ఎవరూ అడగరు.

వరద కూడా అంతే. 1996 నవంబర్ తుపాను కోనసీమను ఎలా దెబ్బతీసిందో ఆ వయసు వాళ్లందరికీ గుర్తే. యానాం కూడా ఆ దెబ్బ తిన్నదే. 2022 జులైలో గోదారి పొంగినప్పుడు యానాం వీధుల్లో నీళ్లు నిలిచాయి. ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తేది ఏపీ అధికారులు. ఆ నీళ్లు చివరికి చేరే ఊళ్లలో ఒకటి యానాం. సహాయం రావాల్సింది మాత్రం పుదుచ్చేరి నుంచి. వరద హెచ్చరిక ఒక ప్రభుత్వం, పునరావాసం ఇంకో ప్రభుత్వం. రెండిటి మధ్య ఫోన్ ఒక గంట ఆలస్యమైతే నష్టపోయేది ఏటిగట్టు కింద మత్స్యకారుల ఇళ్లే.

ముందు ముందు ఏం జరగొచ్చు?

పుదుచ్చేరికి రాష్ట్ర హోదా కావాలని అక్కడి అసెంబ్లీ చాలాసార్లు తీర్మానాలు చేసింది. ఆ హోదా వస్తే యానాం 870 కిలోమీటర్ల దూరంలోని రాష్ట్రంలో ఒక మూలన ఉంటుందా? ఇప్పుడున్న కోటా, పన్నుల తేడా, సొంత ఎమ్మెల్యే అలాగే ఉంటాయా? లేక పక్కనే ఉన్న ఏపీలో కలవడమే మేలా? ఏది అడిగినా ముందు యానాం జనాన్నే అడగాలన్నది 1956 నాటి మాట.

ఒకటి మాత్రం స్పష్టం. ఫ్రెంచివాళ్లు యానాంకి వదిలిన అసలు ఆస్తి చర్చి కాదు, భవనాలు కాదు.. ఆ గీతే. ఆ గీత వల్లే ఒకప్పుడు చిన్నపిల్లల పెళ్లిళ్లు జరిగాయి, ఆ గీత వల్లే ఇవాళ కొందరు పిల్లలకి డాక్టర్ సీట్లు వస్తున్నాయి. దాన్ని ఎలా వాడుకోవాలో తేల్చుకోవాల్సింది 55 వేల మంది యానాం వాసులే.

ఈసారి ఎదుర్లంక దగ్గర వారధి ఎక్కినప్పుడు పులసతో పాటు ఈ కథ కూడా గుర్తు చేసుకోండి. పాత చర్చి దగ్గర ఓ పది నిమిషాలు ఆగి రండి.